కొలిచి పోసే వెలుగు



రేడియో దగ్గర కూర్చున్న చోటి నుంచే ఒకసారి మీ ఇంటి కిటికీ వైపు చూడండి. కోనసీమ ఇల్లయితే ఆ కిటికీ అవతల ఓ కొబ్బరి మట్ట కదులుతూ ఉంటుంది. దాని కింద అరటాకులు. వాటి వెనక గోడ వారగా ఓ పనసో, మామిడో. ఈ పచ్చదనం చూసే పైఊరివాళ్ళు మన నేలని మెచ్చుకుంటారు. మనకీ గర్వమే. కానీ ఆ కిటికీకి లోపలి వైపు ఓ చిన్న కుండీ పెట్టి చూడండి. ఎండ ఇంట్లోకి వచ్చేసరికి బయట ఉన్న ఆకులన్నీ తినగా మిగిలినంతే ఉంటుంది.

ఆ మిగులుతో బతకలేని మొక్కల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. వాటి కోసం ఇంట్లోనే, మన చేతులతో, ఓ ఎల్ఈడీ దీపం ఎలా కట్టుకోవచ్చో చెబుతాను. దానికి ముందు నాకు ఈ అవసరం ఎలా వచ్చిందో వినండి.

రెండేళ్ళ కిందట ఆషాఢంలో ముసురు పట్టింది. వారం రోజులు సూర్యుడు కనిపించలేదు. మా అమ్మ ఏటా పెరట్లో మడి కట్టి మిరప నారు, వంగ నారు పోస్తుంది. ఆ ఏడు మడి నానిపోతుందని విత్తనాలు ట్రేలో వేసి, వరండాలో కిటికీ పక్కన పెట్టాం. వారం దాటాక మొలకలు వచ్చాయి. మరో నాలుగు రోజులకే బెత్తెడు ఎత్తయ్యాయి. ఇంత తొందరగా వచ్చాయే అని నేను సంబరపడ్డాను. అమ్మ వచ్చి, ఓ మొలక కాడని గోటి చివరతో మెల్లగా కదిపింది. దారప్పోగులాగా వంగిపోయింది. "ఏరా, ఇది పెరగలేదురా, సాగింది" అంది. మూడో రోజు ఉదయానికి ట్రేలో సగం నారు కిటికీ వైపు వాలి, మట్టి మీద పడుకుని ఉంది.

ఆ మాట నాలో ఉండిపోయింది. పెరగడం వేరు, సాగడం వేరు. నీళ్ళు తక్కువైతే ఆకు వాలిపోతుంది, మనకి తెలుస్తుంది. ఎరువు తక్కువైతే ఆకు పసుపెక్కుతుంది, అదీ తెలుస్తుంది. వెలుగు తక్కువైతే మాత్రం మొక్క పొడుగవుతుంది. ఎక్కడో పైన వెలుగు ఉంటుందన్న ఆశతో, విత్తనంలో తల్లి పెట్టిన పాలన్నీ కాడలోకే పోసి, పైకి పైకి వెళ్తుంది. అది ఆకలి. మనం దాన్ని ఎదుగుదల అనుకుంటాం.

మరి ఆ వరండా చీకటిగా ఉందా అంటే, లేదు. అక్కడ కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి. ఇక్కడే మన కన్ను మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. వెలుగుని కొలవడానికి లక్స్ అని ఒక లెక్క ఉంది. మబ్బులేని మిట్ట మధ్యాహ్నం మన పొలంలో పడే ఎండ దాదాపు లక్ష లక్స్. ట్యూబ్‌లైటు వెలిగించిన గదిలో ఉండేది రెండు మూడు వందల లక్స్. అంటే ఎండలో మూడు వందల్లో ఒక వంతు, ఐదు వందల్లో ఒక వంతు. కానీ గదిలోకి రాగానే మన కంటిపాప విచ్చుకుంటుంది, చూపు సర్దుకుంటుంది, మనకి అంతా బాగానే కనబడుతుంది. ఆకుకి అలాంటి సర్దుబాటు లేదు. దాని మీద ఎంత పడితే అంతే దాని కూడు. కిలో బియ్యం వండే ఇంట్లో రెండు మూడు గ్రాములు వండితే ఎలా ఉంటుందో, గదిలో పెట్టిన మిరప మొక్కకి అలా ఉంటుంది.

ఈ సంగతి కోనసీమ రైతుకి కొత్తది కాదు. మన కొబ్బరి తోటే వెలుగుని పంచి పెట్టడం నేర్పే బడి. కొబ్బరి మొక్క వేసిన మొదటి ఏళ్ళలో మధ్య నేలంతా ఎండే, ఏ పంటైనా వస్తుంది. చెట్టు ఎనిమిదేళ్ళు దాటి పాతికేళ్ళ లోపు ఉన్నప్పుడు మట్టలు కిందికే ఉండి, కమ్ముకుని, నేల మీదికి ఎండని పెద్దగా రానివ్వవు. పాతికేళ్ళు దాటి మాను ఎత్తెక్కాక మళ్ళీ మట్టల సందుల్లోంచి ఎండ పొడలు పొడలుగా కిందికి దిగుతుంది. అప్పుడు రైతు ఆ పొడల్లో కోకో వేస్తాడు, అరటి వేస్తాడు, కంద పెడతాడు, మానుకి మిరియం తీగ పాకిస్తాడు. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి మీదా, కొబ్బరిలో అంతర పంటల మీదా పనిచేస్తున్నది కూడా ఈ నేలనీ, నీటినీ, వెలుగునీ దండగ కానివ్వకుండా వాడుకోవడానికే. ఏ మొక్కకి ఎంత ఎండ కావాలో తెలిసిన మనిషే కోకోని కొబ్బరి కింద వేస్తాడు, వరిని వేయడు. మనం ఇంట్లో కట్టబోయే దీపానికి మూలసూత్రం ఇదే. వెలుగు కూడా నీళ్ళలాగా, ఎరువులాగా కొలిచి పోయాల్సిన వస్తువు.

దుకాణాల్లో మొక్కల దీపాలంటూ ఊదా రంగులో వెలిగేవి అమ్ముతున్నారు. వాటిని చూసి చాలామంది, మామూలు తెల్లదీపం మొక్కకి పనికిరాదనీ ఆ ప్రత్యేకమైన రంగే కావాలనీ అనుకుంటారు. ఈ మాటలో నిజం కొంత ఉంది, పొరపాటు కొంత ఉంది.

ఆకులోని పత్రహరితం ఎరుపునీ, నీలాన్నీ ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆకుపచ్చని కొంత వదిలేస్తుంది, అందుకే ఆకు మనకి పచ్చగా కనిపిస్తుంది. ఈ లెక్కతోనే 1980ల చివర్లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, నాసా తోడ్పాటుతో, ఎర్ర ఎల్ఈడీల కింద మొక్కలు పెంచే ప్రయోగాలు మొదలుపెట్టారు. అంతరిక్ష నౌకలో చోటూ తక్కువే, కరెంటూ తక్కువే. అందుకని మొక్క ఎక్కువగా తినే రంగునే వండి పెట్టాలని చూశారు. 2014లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెజ్జీ అనే చిన్న మొక్కల పెట్టె చేరింది. 2015 ఆగస్టు 10న వ్యోమగాములు అందులో పండిన ఎర్ర లెట్యూస్ ఆకులు తిన్నారు. ఆ పెట్టెలో ఎరుపు, నీలం దీపాలతో పాటు ఆకుపచ్చ దీపాలూ ఉన్నాయి. ఊదా వెలుగులో ఆకు నల్లగా కనిపిస్తుంది, ఆకుపచ్చ కలిస్తేనే మనిషి కంటికి ఆకు ఆకులా కనబడుతుంది. పైగా ఆకుపచ్చ వెలుగు మొక్కకి పూర్తిగా వృథా కాదు. అది ఆకు పై పొర దాటి లోపలికి, కింది ఆకుల దాకా దిగి, అక్కడ పనిచేస్తుంది.

ఇప్పుడు మన ఇళ్ళలో వెలిగే తెల్ల ఎల్ఈడీ సంగతి చూడండి. దాని లోపల ఉండేది నిజానికి నీలం ఎల్ఈడీ. దాని మీద పసుపు పచ్చని పూత పూస్తారు. ఆ పూత నీలంలో కొంత భాగాన్ని పసుపుగా, ఎరుపుగా, ఆకుపచ్చగా మారుస్తుంది. అన్నీ కలిస్తే మన కంటికి తెలుపు. ఎర్ర ఎల్ఈడీ 1962లోనే వచ్చినా, బాగా వెలిగే నీలం కోసం మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఆ పని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మరుసటి ఏడే, 2015 జనవరిలో, మన దేశంలో ఉజాలా పథకం కింద ఎల్ఈడీ బల్బులు ఇంటింటికీ చేరడం మొదలైంది. అంటే మొక్కకి కావలసిన నీలమూ, ఎరుపూ మన ఇంటి తెల్ల దీపంలోనే ఉన్నాయి. లేనిదల్లా పరిమాణం. దీపం చిన్నది, మొక్కకి దూరంగా ఉంది. అందుకే నేను తెల్లదీపమే కట్టుకోమంటాను. తెల్ల వెలుగులో ఆకు మీద మచ్చ వచ్చినా, అడుగున పేనుబంక పట్టినా వెంటనే కంటపడుతుంది. రైతుకి అది చిన్న లాభం కాదు.

ఇక పనిలోకి దిగుదాం. కాగితం, పెన్ను అందుబాటులో ఉంటే తీసుకోండి. కొలతలు నిదానంగా చెబుతాను.

మన బల్ల మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు అనుకుందాం. దీని మీద 98 గుంటల ప్రోట్రే, అంటే నారు పెంచే ట్రే, ఒకటి, పక్కన మూడు నాలుగు చిన్న కుండీలు పడతాయి. దీనికి కావాల్సినవి ఇవి. మూడడుగుల అల్యూమినియం సెక్షన్ ముక్కలు మూడు, ఒక్కోటి అంగుళం వెడల్పువి. అల్యూమినియం కిటికీలు, తలుపులు చేసే షాపులో మిగిలిన ముక్కలు దొరుకుతాయి. 12 వోల్టుల తెల్ల ఎల్ఈడీ స్ట్రిప్ ఒక చుట్ట, అందులో 5 మీటర్లు ఉంటుంది. మీటరుకి సుమారు 14 వాట్లు తీసుకునే రకం అడగండి. ప్యాకెట్ మీద 4000 నుంచి 6500 కెల్విన్ మధ్య ఏది రాసి ఉన్నా సరిపోతుంది. 12 వోల్టులు, 5 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ ఒకటి. ఇది ఇంటి కరెంటుని 12 వోల్టులకి దించే పెట్టె. ఎరుపు, నలుపు వైర్లు, ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్నవి. 5 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి. దానంతట అదే వెలిగి ఆరిపోవడానికి టైమర్ ప్లగ్గు ఒకటి. వేలాడదీయడానికి రెండు గొలుసులు, అడ్డంగా బిగించడానికి రెండు చెక్క రీపర్లు.

అల్యూమినియం ఎందుకని అడుగుతారు. మొదటిసారి నేనూ అదే అనుకుని, ఇంట్లో పడున్న ప్లైవుడ్ చెక్క మీద స్ట్రిప్ అంటించేశాను. చక్కగా వెలిగింది. నెల తిరిగేసరికి కొన్ని ఎల్ఈడీల చుట్టూ పసుపు కాస్తా గోధుమరంగులోకి తిరిగింది. రెండో నెలలో ఓ చోట మూడు ఎల్ఈడీలు ఒకేసారి ఆరిపోయాయి. చేత్తో తడిమి చూస్తే ఆ చోట చెక్క పెనం మూతలాగా వేడిగా ఉంది. ఎల్ఈడీ చల్లని దీపం అంటారు కానీ, అది ముందు వైపు మాటే. దానికిచ్చిన కరెంటులో సగానికి పైగా వేడిగా మారుతుంది. ఆ వేడి ముందుకి రాదు, వెనక్కి పోతుంది. వెనక చెక్క ఉంటే పోయే దారి లేక ఎల్ఈడీనే మాడ్చుతుంది. అల్యూమినియం ఉంటే ఆ వేడిని లాగి గాలికి ఇచ్చేస్తుంది. మూడు ఒకేసారి ఎందుకు ఆరిపోయాయంటే, ఈ స్ట్రిప్‌లో మూడేసి ఎల్ఈడీలని ఒక గొలుసుగా కడతారు. ఒకటి పోతే ఆ గొలుసు మొత్తం పోతుంది. మిగతావి వెలుగుతూనే ఉంటాయి.

స్ట్రిప్‌ని జాగ్రత్తగా చూస్తే మూడు ఎల్ఈడీలకి ఒకసారి రాగి చుక్కలు, వాటి మధ్య సన్నని గీత కనిపిస్తాయి. కత్తెర అక్కడే పెట్టాలి. ఇంకెక్కడ కోసినా ఆ ముక్క వెలగదు. మూడడుగుల లోపు మూడు ముక్కలు కోసుకోండి. అల్యూమినియం మీద జిడ్డు లేకుండా స్పిరిట్ గుడ్డతో తుడవండి. స్ట్రిప్ వెనక కాగితం కొద్దికొద్దిగా ఒలుస్తూ, బొటనవేలితో నొక్కుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళండి. మధ్యలో గాలి బుడగ మిగిలితే అక్కడ వేడి నిలుస్తుంది.

ఇప్పుడు టంకం. రాగి చుక్క మీద ముందు కొంచెం టంకం వేసుకుని, వైరు కొసకి కూడా పట్టించి, రెండూ కలిపి కాలిస్తే క్షణంలో అతుక్కుంటుంది. ఎక్కువసేపు కాలిస్తే రాగి చుక్క ఊడి వస్తుంది. ఎరుపు వైరు ప్లస్‌కి, నలుపు వైరు మైనస్‌కి. అతుకు కింద అల్యూమినియానికి ఇన్సులేషన్ టేపు వేయడం మరవద్దు. ఆ లోహానికి టంకం తగిలితే ప్లస్, మైనస్ కలిసిపోతాయి.

ఒక్క ముఖ్యమైన మాట. మూడు ముక్కల్నీ ఒకదాని తోకకి ఇంకొకటి తగిలించుకుంటూ పోవద్దు. కాలవ మొదట్లో ఉన్న పొలానికీ, శివారు పొలానికీ నీళ్ళు ఎలా అందుతాయో మనకి తెలుసు. స్ట్రిప్‌లోనూ అంతే. మొదట్లో వోల్టేజి నిండుగా ఉంటుంది, శివారుకి వచ్చేసరికి తగ్గి దీపం మసకబారుతుంది. అందుకని ఎస్ఎంపీఎస్ దగ్గర నుంచి ప్రతి ముక్కకీ దాని సొంత బోదె, అంటే సొంత ఎరుపు, నలుపు వైర్లు వెళ్ళాలి. మూడు ముక్కలూ కలిసి సుమారు 39 వాట్లు తీసుకుంటాయి. 12 వోల్టుల దగ్గర అది మూడుంపావు ఆంపియర్లు. మన పెట్టె 5 ఆంపియర్లు ఇవ్వగలదు. దాని శక్తిలో మూడింట రెండు వంతులే వాడుతున్నాం కాబట్టి అది కూడా చల్లగా, ఎక్కువ కాలం పనిచేస్తుంది.

మూడు సెక్షన్లనీ నాలుగేసి అంగుళాల ఎడంతో రెండు రీపర్ల మీద బిగించి, గొలుసులతో వేలాడదీయండి. అరగంట వెలగనిచ్చి సెక్షన్ వెనక అరచేయి ఆనించండి. పది లెక్కపెట్టేదాకా చెయ్యి ఉంచగలిగితే వేడి అదుపులో ఉన్నట్టే. ఉంచలేకపోతే ఇంకా వెడల్పైన సెక్షన్ కావాలి.

దీపం తయారైంది. ఇప్పుడు ఎంత ఎత్తులో పెట్టాలి? వెలుగు దూరం వెళ్ళేకొద్దీ పలచబడిపోతుంది. ఒక్క బల్బుకి దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, పావు వంతుకి పడిపోతుంది. మన దీపం పొడవుగా, వెడల్పుగా పరుచుకుని ఉంది కాబట్టి అంత వేగంగా పడిపోదు కానీ, దూరం పెరిగితే నష్టం నష్టమే. నారుకి ఆకుల పైన ఎనిమిది, తొమ్మిది అంగుళాల ఎత్తు బాగుంటుంది. మొక్క ఎదిగేకొద్దీ గొలుసు ఒక్కో కొక్కెం పైకి జరపాలి. సెల్‌ఫోనులో లక్స్ మీటరు యాప్ పెట్టుకుని, ఫోనుని ఆకులున్న ఎత్తులో పడుకోబెట్టి చూడండి. అంకె ఖచ్చితంగా రాకపోయినా, బల్ల మధ్యకీ మూలకీ తేడా తెలుస్తుంది. మా బల్ల మీద మధ్యలో ఏడు వేల లక్స్ దాకా వస్తోంది. చుట్టూ మూడు వైపులా తెల్ల రంగు వేసిన అట్టలు నిలబెడితే పక్కలకి పోయే వెలుగు కూడా తిరిగొచ్చి ఆకుల మీద పడుతుంది. ఖర్చు లేకుండా వచ్చే వెలుగు అది.

ఏడు వేల లక్స్ అంటే లక్ష లక్స్ ఎండ ముందు ఎంత అని అనిపించవచ్చు. కానీ లక్ష ఉండేది మిట్ట మధ్యాహ్నం కాసేపే, ముసురు రోజు అదీ ఉండదు. మన దీపం రోజుకి 14 గంటలు ఒకే తీరుగా పోస్తుంది. మొక్క రోజు మొత్తం మీద ఎంత తిన్నదో అదే లెక్క. మిరప, వంగ, టమాటా నారుకి ఇది చాలు. మెంతి, కొత్తిమీర, తోటకూర లేతగా కోసుకోవడానికి చాలు. పుదీనా బతుకుతుంది. కానీ ఇంట్లోనే మిరప మొక్కని కాయించాలంటే ఇది చాలదు, ఇలాంటివి రెండు మూడు పెట్టాల్సి వస్తుంది. కరెంటు మాట కూడా చెప్పాలి కదా. 14 గంటలకి రోజుకు సుమారు 0.6 యూనిట్, నెలకి 18 యూనిట్లు. మీ బిల్లులో ఏ శ్లాబు పడుతుందో చూసుకుని, నారు పెంచే ఆ నెలో నెలన్నరో మాత్రమే వాడుకుంటే భారం కాదు. ఎండ ఉన్న రోజు ఎండని మించిన దీపం లేదు.

14 గంటలు పెట్టినప్పుడు 24 గంటలూ వెలిగిస్తే ఇంకా బాగా పెరుగుతుంది కదా అని కొందరు అడుగుతారు. వద్దు. ఎందుకో చెప్పడానికి మిమ్మల్ని గౌతమి పాయ దాటించి కడియం తీసుకెళ్ళాలి.

రావులపాలెం నుంచి రాజమహేంద్రవరం వెళ్ళే దారిలో కడియపులంక నర్సరీలు మీరంతా చూసే ఉంటారు. చలికాలం పూలకి ముందు ఆ నర్సరీల్లో చామంతి మడుల మీద రాత్రిళ్ళు బల్బులు వరసగా వెలుగుతాయి. దూరం నుంచి చూసేవాళ్ళకి అది తీర్థంలాగా కనిపిస్తుంది. ఆ బల్బులు చామంతికి కూడు పెట్టడానికి కాదు. అంత ఎత్తు నుంచి పడే ఆ కొద్ది వెలుగుతో ఆకు కడుపు నిండదు. అవి చామంతికి గడియారం. రాత్రులు పొడవైతే చామంతి మొగ్గ వేస్తుంది. మొక్క ఇంకా చిన్నదిగా ఉన్నప్పుడే మొగ్గ వస్తే పూల కుండీ నిండుగా ఉండదు. అందుకని రాత్రి మధ్యలో దీపం వెలిగించి, రాత్రి ఇంకా పొట్టిగానే ఉందని మొక్కకి నమ్మకం కలిగిస్తారు. మొక్క కొమ్మలు వేసుకుంటూ ఎదుగుతుంది. కావలసిన ఎత్తు రాగానే దీపాలు ఆపేస్తారు. అప్పుడు మొగ్గలు తొడుగుతుంది. ఆకులో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. ఎర్రని వెలుగు తగిలిందా లేదా అన్నది బట్టి పగలు, రాత్రి లెక్క పెట్టేది అదే.

ఇదే సంగతి మన ఊళ్ళో కూడా చూడవచ్చు. రోడ్డు పక్కన వీధి దీపం కింద ఉన్న సార్వా వరిని గమనించండి. చేనంతా ఈని, కంకులు వంగుతున్నప్పుడు కొన్ని రకాల్లో ఆ దీపం కింద ఉన్న గుండ్రటి మేర మాత్రం ఇంకా పచ్చగా, ఈనకుండా ఉంటుంది. ఎరువు తేడా కాదు, నీటి తేడా కాదు. ఆ దుబ్బులకి రాత్రి రాలేదు.

కాబట్టి వెలుగు మొక్కకి రెండు పనులు చేస్తుంది. ఒకటి అన్నం, రెండోది గడియారం. మన దీపంతో అన్నం పెట్టేటప్పుడు గడియారం చెడగొట్టకూడదు. కొత్తిమీరకి పగలు మరీ పొడుగైతే ఆకు మానేసి పూతకి పోతుంది. టమాటాకి అసలు చీకటే లేకపోతే ఆకులు పాలిపోయి దెబ్బతింటాయి. అందుకే టైమర్ ప్లగ్గు. పొద్దున ఆరుకి వెలగాలి, రాత్రి ఎనిమిదికి ఆరాలి. ఆ పది గంటల చీకటి మొక్క హక్కు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. నీళ్ళూ, కరెంటూ పక్కపక్కన పెడుతున్నాం. మనది తీరం దగ్గరి నేల. సముద్రపు గాలిలో ఉప్పు, ఏడాదంతా తేమ. రాగి అతుకులు ఆరు నెలలకే పచ్చగా చిలుం పడతాయి. ప్రతి అతుకు మీదా హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. ఎస్ఎంపీఎస్ పెట్టె కుండీల కంటే పైన, గోడకి ఉండాలి. కింద ఎప్పుడూ పెట్టవద్దు. గోడ ప్లగ్గుకి వెళ్ళే వైరు ప్లగ్గు కంటే కిందికి ఓసారి వేలాడి మళ్ళీ పైకెక్కాలి. అలా ఉంటే వైరు వెంబడి జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. మొక్కల వైపు 12 వోల్టులే కాబట్టి ఆ పని మీరు చేసుకోవచ్చు. ఇంటి కరెంటు వైపు, పెట్టెకి ఎర్తు కలపడంతో సహా, ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఆ లైనుకి లీకేజి పట్టుకుని ఆపేసే ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లది, ఉందో లేదో కూడా ఆయన్నే చూడమనండి. కుండీలకి నీళ్ళు పోసే ముందు స్విచ్చి ఆపండి. పిల్లలకి కూడా అదే అలవాటు చేయండి.

ఇంత శ్రమ ఎందుకు, కొనుక్కుంటే పోతుంది కదా అనుకోవచ్చు. కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. అయితే మన చేత్తో కట్టిన దీపంలో ఏది పోయినా ఎక్కడ పోయిందో మనకి తెలుస్తుంది. మూడు ఎల్ఈడీలు ఆరిపోతే ఆ మూడింటి ముక్క కోసి కొత్తది అతికిస్తాం. పెట్టె కాలిపోతే పెట్టె ఒక్కటే మారుస్తాం. అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరికే సామానే ఇదంతా. నేను రెండోసారి స్ట్రిప్ కొనడానికి వెళ్ళినప్పుడు షాపాయన "పండక్కాండీ?" అని అడిగారు. మిరప నారుకండీ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మా ఆవిడ కూడా మేడ మీద నారు పోసి వాన పాలు చేసుకుంటోందండీ, ఎలా కట్టాలో కాస్త చెప్పండి" అన్నారు. ఆ కౌంటరు మీదే, బిల్లు కాగితం వెనక బొమ్మ గీసి ఇచ్చాను. ఈ ప్రసంగం ఆ కాగితమే అనుకోండి.

దీని అవసరం ఎప్పుడు బాగా తెలుస్తుందో చివరగా చెబుతాను. 2022 జులైలో గోదావరికి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. లంకల్లో కూరగాయ తోటలు, నారుమళ్ళు నీట మునిగాయి. వరద తీశాక నేల మీద ఒండ్రు మిగులుతుంది. పదును ఉంటుంది. ఆ సమయానికి చేతిలో నారు ఉన్నవాడు వెంటనే నాటుకుంటాడు. లేనివాడు మళ్ళీ విత్తనం వేసి నెల రోజులు ఆగాలి. ఓ బల్ల మీద పెరిగే వంద మొక్కలు ఎకరాల తోటకి చాలవు. కానీ పెరటికి చాలు, పక్కింటికి నాలుగు ఇవ్వడానికి చాలు. నలుగురు కలిసి నాలుగు బల్లలు కట్టుకుంటే ఓ చిన్న మడికి చాలు.

ఒక హెచ్చరిక. దీపం కింద పెరిగిన నారుని ఒక్కసారిగా ఎండలో నాటితే ఆకులు మాడిపోతాయి. మొదటి రెండు రోజులు కొబ్బరి నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో గంట, రెండు గంటలు, ఆపైన పూట, అలా వారం రోజులు అలవాటు చేసి అప్పుడు నాటండి. దీపం పని ఎండకి అప్పగించే దాకానే.

కిందటి ఏడు మళ్ళీ ఆషాఢం వచ్చింది, మళ్ళీ ముసురు పట్టింది. ట్రే ఈసారి దీపం కింద ఉంది. మొలకలు వచ్చాక నాలుగు రోజులకి చూస్తే అంగుళం ఎత్తు కూడా లేవు. నాకు కొంచెం దిగులేసింది. అమ్మ వచ్చి కూర్చుని, అలవాటుగానే ఓ కాడని గోటితో కదిపింది. అది వంగి, మళ్ళీ లేచి నిలబడింది. కింద కాడ మీద లేత ఊదా రంగు చార కూడా కనిపించింది. అమ్మ ఇంకేమీ అనలేదు. లేచి వెళ్ళి, వంగ విత్తనాల పొట్లం తెచ్చి, పక్కన ఖాళీగా ఉన్న గుంటల్లో ఒక్కొక్కటీ వేయడం మొదలుపెట్టింది.